పీనుగ పువ్వుకు పెళ్లి సంబంధం

మా తోటల శాఖలో కొత్తగా నౌకరీలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు జనగామలో మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగి, కుండీలు చూసి, "మేడం, మీ సర్వీసులో మర్చిపోలేని పని ఏది?" అని అడుగుతారు. మామిడి అంట్ల గురించో మిరప తెగులు గురించో చెప్తానని వాళ్ల ఆశ. నేను మాత్రం ఒక పెళ్లి గురించి చెప్తాను. పెళ్లికొడుకుది డోర్నకల్, పెళ్లికూతురిది మహదేవపూర్. ఇద్దరి దగ్గరా చచ్చిన ఎలుక వాసన వస్తుంది. ఆ సంబంధం కుదిర్చింది నేనే.

కంద మీకు తెలుసు, పులుసు పెట్టుకుని తింటాం. ఆ కందకు సముద్రాల అవతల బోలెడు చుట్టాలున్నాయి. అందులో ఒకటి తోటల పిచ్చి ఉన్నవాళ్ల చేతుల మీదుగా మన దాకా వచ్చింది. ఏడాదిలో సగం కాలం కుండీలో ఏమీ కనిపించదు, ఉత్త మట్టే. గడ్డ లోపల నిద్రపోతుంటుంది. బాగా బలిసిన గడ్డయితే ఎండాకాలం చివర్లో, ఆకు కంటే ముందే ఒక మొగ్గను పైకి తోస్తుంది. అది నడుమెత్తు లేచి ఒకనాటి సాయంత్రం విచ్చుకుంటుంది. ముదురు వంకాయ రంగు డొప్ప, దాని నడుమ రోకలంత కాడ. చూడ్డానికి రాజసంగానే ఉంటుంది. వాసన మాత్రం ఊరవతల పడేసిన గొడ్డుది. ఈగలను పిలుచుకోవడానికి దానికి తెలిసిన విద్య అదొక్కటే, పాపం. మేం దాన్ని పీనుగ పువ్వు అనేవాళ్లం.

మహబూబాబాద్‌లో నేను చూసుకునే సర్కారు నర్సరీలో కూడా ఒకటుండేది. పై ఆఫీసు నుంచి ఒక సారు వచ్చేవాడు. మీటింగ్ మొదలుపెడితే అన్నం వేళ దాటినా వదిలేవాడు కాదు. ఒకసారి ఆయన వచ్చిన రోజునే మా కుండీ విచ్చుకుంది. అది ఆయన కుర్చీ వెనక కిటికీ కిందికి ఎలా చేరిందో నాకు తెలియదు. తెలియదనే రాసుకోండి. సారు తన బూట్ల అడుగులు చూసుకున్నాడు, అనుమానంగా నా చెప్పుల వైపు చూశాడు, చాయ్ రాకముందే మీటింగ్ ముగించాడు. మా నర్సరీలో పనిచేసే ఆడవాళ్లంతా పక్క తండా వాళ్లు. సారు జీపు గేటు దాటుతుంటే వాళ్లలో పెద్దామె తమ భాషలో ఏదో అంది, మిగతావాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. ఏమన్నావని అడిగాను. "మీకు చెప్పేటిది కాదు మేడం," అంది.

ఆ గడ్డను మా వాచ్‌మన్ పోగొట్టాడు. ఏ కుండీకీ నీళ్లు తప్పొద్దని నేనే చెప్పి ఉన్నాను. నిద్రపోయే గడ్డకు చుక్క కూడా పడొద్దని చెప్పడం మర్చిపోయాను. ఆయన ఎంతో భక్తితో రోజూ ఉత్త మట్టికి నీళ్లు పోశాడు. తవ్వి చూస్తే గడ్డ కుళ్లి అంబలైంది. "వాసన అప్పుడూ గదే, ఇప్పుడూ గదే మేడం, నాకేం తెలుస్తది?" అన్నాడు. 

మాది పోయాక నాకు తెలిసి చుట్టుపక్కల ఇంకా రెండే మిగిలాయి. ఒకటి డోర్నకల్‌లో, రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఒక సాబ్ ఇంట్లో. ఓడలో పనిచేసే ఆయన బామ్మర్ది ఎక్కడో తూర్పు దీవుల నుంచి తెచ్చిచ్చాడట. రెండోది మహదేవపూర్‌లో, సైన్సు చెప్పి రిటైరైన ఒక సారు పెరట్లో. ఆయన పట్నంలో మొక్కల సంతలో కొన్నాడు. ఒకరినొకరికి పరిచయం చేసింది నేనే. కొన్నాళ్లు వాళ్ల స్నేహం చూడ్డానికి ముచ్చటగా ఉండేది. పొద్దున్నే ఫోన్ చేసుకుని, ఆరోగ్యం అడక్కముందే "గడ్డ ఎట్లుంది?" అని ఒకరినొకరు అడిగేవాళ్లు. సారు భార్య మామిడికాయ తొక్కు పంపితే, గార్డు సాబ్ ఇంటి నుంచి పండక్కి సేమియా వచ్చేది.

ఆ స్నేహం జనగామ పూల ప్రదర్శనలో చెడింది. గార్డు సాబ్ తన కుండీని కడిగి, తుడిచి, కొత్త తువాల చుట్టి తెచ్చాడు. చుట్టూ జనం చేరారు. జనాన్ని చూస్తే ఊరుకోలేని జబ్బు సారుకు, బడిలో పట్టిన అలవాటు.

"ఏంది గార్డు సాబ్, గీ గడ్డ పులుసుకు పనికొస్తదా, వేపుడు చేసుకోవాల్నా?" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గార్డు సాబ్ నవ్వలేదు.

"మీ ఇంట్ల పూసేదాన్ని పువ్వంటరా సార్? మోరీ మీద మూత తీసినట్టుంటది," అన్నాడు.

రెండింటి వాసనా ఒకటే అని చెప్పబోయి నాలుక కరుచుకున్నాను. అక్కడితో మాటలు బంద్. తొక్కు పోలేదు, సేమియా రాలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. నేను రిటైరు కావడానికి ముందు ఎండాకాలం, ఒక పొద్దున గార్డు సాబ్ ఫోన్ చేశాడు. ఆయన ఎప్పుడూ రైలు టైముకు బయల్దేరినట్టు గబగబా మాట్లాడతాడు. ఆ రోజు మాత్రం ప్రతి స్టేషన్‌లో ఆగే బండిలా మాట్లాడాడు.

"మేడం, పక్కన మట్టి తీసి చూసిన. గడ్డ కింద మెత్తవడ్డది. మొగ్గైతే లేసింది గని, గిదే ఆఖరి పువ్వు."

"పిల్ల గడ్డలేమన్న ఉన్నయా సాబ్?"

"ఒక్కటి గూడ లేదు. నౌకరీ దిగినంక నా చేతుల మీద పెరిగింది గిదొక్కటే మేడం. ఒక్క గింజన్న దొరుకుతే నీడకు పెట్టుకుందు."

 మా వాచ్‌మన్ పోగొట్టిన గడ్డ గుర్తొచ్చింది.

గింజ కావాలంటే ఆ పువ్వు ఒక్కదానితో అయ్యే పని కాదు. విచ్చుకున్న సాయంత్రం దానిలో ఆడ భాగం సిద్ధంగా ఉంటుంది, వాసన కొట్టేదీ అప్పుడే. పుప్పొడి మర్నాడు గాని రాలదు, అప్పటికి ఆడ భాగం పని అయిపోతుంది. ఒకే ఇంట్లో ఉండి, ఒకరు లేచేసరికి ఇంకొకరు పడుకునే ఆలుమగల్లాంటి కాపురం. కాబట్టి ఈ పువ్వు పుప్పొడిని, అది రాలిన నాటి సాయంత్రమే విచ్చుకునే ఇంకో పువ్వుకు పట్టుకుపోవాలి. మహదేవపూర్ సారు ఇంట్లో కూడా మొగ్గ లేచిందని నాకు తెలుసు. ఇద్దరూ ఫొటోలు నాకే పంపేవాళ్లు కదా.

సారును మీరే అడగండి అన్నాను. గార్డు సాబ్ సాఫ్‌గా చెప్పాడు: "ఆయన అడుగుతే ఇస్త. నేనైతే అడుగ."

సారుకు ఫోన్ చేస్తే ఆయనా అదే పాట: "వాళ్లకు అవసరముంటే వాళ్లు అడుగాలె. నేనెందుకు అడుగుత?"

సంబంధాలు కుదిర్చేవాళ్లు ఇలాంటప్పుడు ఏం చేస్తారో మన ఊళ్లలో ఎవరికి తెలియదు? నేనూ అదే చేశాను. ఓ రోజు ఆగి, గార్డు సాబ్‌కు ఫోన్ చేసి, "సారే మెత్తబడ్డడు సాబ్, పుప్పొడి ఇస్తరేమో కనుక్కొమ్మన్నడు," అన్నాను. సారుకు ఫోన్ చేసి, "గార్డు సాబ్ నోరు తెరిచి అడిగిండు సార్, మీ పువ్వు తప్ప దిక్కు లేదన్నడు," అన్నాను. రెండు వైపులా గర్వంగా ఒప్పుకున్నారు. సర్కారు పనిలో అన్నేళ్లలో నా ఫైలు ఏదీ అంత తొందరగా కదల్లేదు.

ముందు గార్డు సాబ్ పువ్వు విచ్చుకుంది, మర్నాటి సాయంత్రానికి తనదీ విచ్చుకునేటట్టుందని సారు ఫోన్ చేశాడు. మర్నాడు పొద్దున్నే డోర్నకల్‌లో దిగాను. కాడ మీద పుప్పొడి సన్నని పసుప్పచ్చ పిండిలా రాలుతోంది, వాసన అప్పటికే తగ్గింది. దాన్ని పెట్టడానికి తేమ తగలని డబ్బీ కావాలి. గార్డు సాబ్ భార్య ఖాళీ అత్తరు సీసా తెచ్చిచ్చింది. లోపల నూనె జిడ్డు ఉంది, పనికిరాదు. నా సంచిలో కుంకుమ భరిణె ఉంది. మా అమ్మ ఇచ్చిన వెండిది, మూత బిగుతు. కుంకుమ దులిపి, పొడి గుడ్డతో తుడిచి, పుప్పొడి అందులోకి రాల్చుకున్నాను. గార్డు సాబ్ స్టేషన్ దాకా వచ్చాడు. రైలు కదిలేటప్పుడు ఆయన చేయి దానంతట అదే పైకి లేచింది. జెండా లేదని గుర్తొచ్చి సిగ్గుపడి దించుకున్నాడు.

వరంగల్‌లో దిగి బస్సెక్కాను. భూపాలపల్లి దాకా బొగ్గు లారీల వెనక దుమ్ము తింటూ, భరిణె పిడికిట్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీటావిడ చాలాసేపు చూసి, "ఏ గుడిదక్కా కుంకుమ?" అని అడిగింది. ఊరుకోవచ్చు కదా. "కొత్త దేవతది," అన్నాను. ఆవిడ భక్తిగా నుదురు ముందుకు చాపింది. ఇవ్వనన్నాను. ఆమె దిగేదాకా నన్నొక పిసినారిని చూసినట్టు చూసింది. అప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది.

మహదేవపూర్ చేరేసరికి పొద్దు వాలుతోంది. సారు నాకోసం బస్టాండుకు పోయాడట. నేను ముందే దిగి ఆటోలో వచ్చాను. వీధి మొదట్లోనే వాసన ఎదురొచ్చింది. పిల్ల తయారుగా ఉందని సంతోషించాను. వాకిట్లో సారు భార్య ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఇంట్లో సాంబ్రాణి పొగ, కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఆ కుండీ అంటే ఆమెకు ఒళ్లు మంట.

"రా చెల్లె. నువ్వన్న చెప్పు ఆయనకు. శుక్రవారం పూట ఇంట్ల పీనుగ వాసనేంది? అదన్న ఉండాలె, నేనన్న ఉండాలె."

ఆమెను నవ్విద్దామనుకున్నాను. "గట్లంటే ఎట్ల వదినా? మీ పిల్లకు సంబంధం తెచ్చిన. మగపెళ్లివాళ్లు పంపిన పసుపు, ఇగో," అని భరిణె రెండు చేతులతో అందించాను. ఆమె కూడా రెండు చేతులతో అందుకుంది. నేను కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాను.

తిరిగొచ్చేసరికి ఆమె మొహం కాస్త చల్లబడి ఉంది. భరిణె నా చేతిలో పెట్టింది.

"నిండ వచ్చిన భరిణె ఉత్తగ ఇయ్యద్దు గదా చెల్లె. మా ఇంటి కుంకుమ పెట్టిన."

మూత తీశాను. ఎర్రటి కుంకుమ, అంచుల దాకా.

"వదినా, లోపల ఉన్నది?"

"మా పసుపు డబ్బల కలిపిన. మంచి మెత్తగుంది, ఏ గిర్నీల పట్టించిన్రు?"

 డోర్నకల్ నుంచి పిడికిట్లో మోసుకొచ్చింది, కిలో పసుపులో కలిసి, దేవుడి అరలో కూర్చుంది. దాన్ని ఇక ఆ దేవుడు కూడా విడదీయలేడు. సంగతి చెప్తే ఆమె బుగ్గలు నొక్కుకుంది.

"అయ్యో, పసుపన్నవు గదనే! వచ్చిన పసుపు వద్దంటరా ఎవరన్న?"

తప్పు ఆమెది ఎలా అవుతుంది? ముత్తైదువ చేతికి పసుపని చెప్పి ఇస్తే, ముత్తైదువ చేసే పనే ఆమె చేసింది.

అంతలో సారు వచ్చాడు. విషయం విని తల పట్టుకున్నాడు. పెరట్లో పువ్వు ఘుమఘుమలాడుతోంది. తెల్లారితే దాని పని అయిపోతుంది. డోర్నకల్‌లో పువ్వు పొద్దున్నే మొత్తం దులిపేశాం, అక్కడ మిగిలిందేమీ లేదు. సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. గార్డు సాబ్. నా చేతులు తడిగా ఉంటే సారు స్పీకర్ మీద పెట్టాడు.

"మేడం, చేరిన్రా? పని అయ్యిందా? పొద్దటి సంది నాకు ముద్ద దిగుతలేదు."

 సారే గొంతు సవరించుకున్నాడు. "గార్డు సాబ్, చిన్న గడబిడైంది."

"సార్! మీరే అడిగి తెప్పిచ్చుకున్నరు గద, జర జాగ్రత్త ఉండాలె."

"నేనడుగుడేంది? మీరు అడిగిన్రని మేడం చెప్పింది!"

"నేనా? మీరు బతిమాలిన్రని నాకు చెప్పింది!"

 సారు నా వైపు తిరిగాడు. ఫోన్ కూడా నా వైపే చూస్తున్నట్టు అనిపించింది. నేను గోడ మీది క్యాలెండర్ చదవడం మొదలుపెట్టాను. సారు భార్యకు మాత్రం నవ్వాగలేదు.

"సంబంధం కుదుర్చుడంటే గట్లనే ఉంటది తియ్యిన్రి. మా పెళ్లప్పుడు ఈయనకు నాగలి పట్టస్తదని చెప్పిన్రు మా నాయినకు."

ఆమె అలా తల ఊపి నవ్వుతుంటే మెడలో పుస్తెలు కదిలాయి. వాటి మీద పసుపు. మామూలు పసుపు కాదు, లేత రంగు, పిండి లాంటిది. భరిణె అందుకోగానే ఆమె ఏం చేసి ఉంటుందో అప్పుడు వెలిగింది. వచ్చిన పసుపు ముందు పుస్తెలకు అద్దుకుని, కళ్లకద్దుకుని, ఆ తర్వాతే డబ్బాలో కలిపింది.

"వదినా, కదలకు!" అని అరిచాను. సంచిలోంచి కుంచె తీశాను. "గది ఉంది సార్, పుస్తెల మీద ఉంది. గింతంత తుడుచుకుంటే చాలు."

ఆమె నవ్వు ఆగిపోయింది. పుస్తెలను గుప్పిట్లో దాచుకుని వెనక్కి జరిగింది.

"పుస్తెల మీది పసుపు తుడుస్తవా? ఈయన నా ముంగట నిలవడి ఉండంగనే? అదీ పీనుగ వాసనొచ్చే దానికి?"

నా చెయ్యి గాలిలోనే ఆగింది. సైన్సు చెప్పిన సారు ఏదో వివరించబోయాడు. "నువ్వు మాట్లాడకు," అంది ఆమె. అంతా వింటున్న గార్డు సాబ్ గొంతు ఫోన్‌లోంచి మెల్లగా వచ్చింది.

"వద్దు మేడం. భాభీని పరేషాన్ చెయ్యకున్రి. భాభీ, మీ మనసుకు రాని పని చెయ్యకున్రి. గడ్డదేముంది, పోతే పోయె. సార్ సల్లగుండాలె."

ఆ మాట ఆయన ఎంత కష్టంతో అన్నాడో మా ముగ్గురికీ తెలిసింది. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆమె కాసేపు గుప్పిట విప్పలేదు. తర్వాత ఫోన్ దగ్గరికి వంగింది.

"గార్డన్నా, తొక్కు అయిపోయిందా మీ ఇంట్ల?"

"ఎప్పుడో అయిపోయింది భాభీ."

"నోరు తెరిచి అడుగద్దా మరి?" అని కసిరి, నా వైపు తిరిగింది. "తుడుచుడైతే వద్దు చెల్లె. పెళ్లిపిల్లకు పసుపు పెట్టుడైతే తప్పేముంది? ముత్తైదువ పని గదే గద. కుండి ఎత్తుపీట మీద పెట్టున్రి."

ఆ క్షణాన ఆమె కాళ్లు మొక్కాలనిపించింది. సారూ నేనూ కుండీని పీట మీదికి ఎత్తాం. ఆడ భాగం డొప్ప అడుగున ఉంటుంది కాబట్టి సారు బ్లేడుతో అక్కడ చిన్న కిటికీ కోశాడు. కోయగానే లోపలి వాసన వేడిగా మొహాన కొట్టింది. నా సర్వీసులో ఎన్నో కుళ్లిన ఎరువులు తొక్కాను, నాకే కళ్లనీళ్లొచ్చాయి. ఆమె కొంగు తీసి సారు చేతికిచ్చి, "నా ముక్కు గట్టిగ పట్టు," అంది. ఇన్నేళ్ల కాపురంలో అలాంటి ఆజ్ఞ ఆయన ఎప్పుడూ విని ఉండడు. శ్రద్ధగా పట్టుకున్నాడు. ఆమె వంగి, పుస్తెలను ఆ కిటికీలోంచి పువ్వుకు అద్దింది. ఒకసారి అద్ది, తిప్పి మళ్లీ అద్దింది. ముక్కు మూసుకున్న గొంతుతోనే, "సల్లగ బతుకు బిడ్డా," అంది. నేను సెల్లు లైటు పట్టుకుని చూస్తున్నాను. లేత పసుపు లోపల అంటుకుని కనిపించింది.

ఆ తర్వాత ఆమె పుస్తెలను కుంకుడు రసంతో కడిగి, పసుపు పెట్టుకుంది. ఏ డబ్బాలోంచి పెట్టుకుందో నేను అడగలేదు.

వానలు పడ్డాక డోర్నకల్ గడ్డ భయపడ్డట్టే పూర్తిగా కుళ్లిపోయింది. గార్డు సాబ్ ఆ కుండీని పారేయలేదు, అలాగే బోర్లా పెట్టుకున్నాడు. మహదేవపూర్‌లో మాత్రం కాడ వాడలేదు. రోజూ సారు ఫొటో పంపేవాడు, నాకు కాదు, గార్డు సాబ్‌కు. పొద్దున్నే "గడ్డ ఎట్లుంది?" మళ్లీ మొదలైంది. చలికాలం వచ్చేసరికి కాడ చుట్టూ ఎర్రటి పళ్లు గుత్తిగా కట్టాయి. గింజలు తీసిన రోజు నేనూ వెళ్లాను. సారు భార్య నా భరిణె అడిగి తీసుకుని, అందులోని కుంకుమ ఒంపి, గింజలతో నింపి డోర్నకల్ పంపింది. ఇప్పుడు అక్కడ గార్డు సాబ్ బోర్లించిన కుండీ మళ్లీ నిలబడింది. మొలకలకు ఆయన నీడ పట్టిన తీరు చూస్తే, ఇంట్లో వాళ్లకు అసూయ పుట్టాలి.

భరిణె తిరిగి మహదేవపూర్‌కే చేరింది, ఉత్తగా కాదు. గార్డు సాబ్ ఇంటివాళ్లు అందులో అత్తరు దూది పెట్టి పంపారు. మూత తీయగానే గది నిండా మల్లెలు విరబూసినట్టయింది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. ఇన్నేళ్లు ఆ పెరటి కంపు భరించిన మనిషి, ఇప్పటికైనా ఆ దూది చెవిలో పెట్టుకుంటుందనుకున్నాను. ఆమె ఒక్కసారి వాసన చూసి, సంతోషంగా తల ఊపి, పెరటి వైపు నడిచింది.

"ఎక్కడికి వదినా?"

"మగపెళ్లివాళ్లు పంపింది నేను పెట్టుకుంటనా?" అని, వంగి, కుండీ అంచున మట్టిని కాస్త పక్కకు జరిపి, ఆ అత్తరు దూదిని జాగ్రత్తగా గడ్డ పక్కన పెట్టింది.